మకోవ్‌స్కీ ‘బ్యాంకు పతనం’: చిత్రంలోని గది, గది బయటి జనం

ఉపోద్ఘాతం:
చారిత్రక చిత్రం అనగానే యుద్ధమో, పట్టాభిషేకమో స్ఫురిస్తుంది. రష్యన్ చిత్రకారుడు వ్లదీమిర్ మకోవ్‌స్కీ (1846-1920) 1881లో గీసిన ‘బ్యాంకు పతనం’లో ఆ రెండూ లేవు. కూలిపోయిన ఒక బ్యాంకు, దాచుకున్న సొమ్ము కోసం వచ్చిన జనం మాత్రమే ఉన్నారు. ప్రస్తుతం మాస్కోలోని త్రెత్యకోవ్ గ్యాలరీలో ఉన్న ఈ తైలవర్ణ చిత్రం ప్రజల నష్టాన్ని ఎంతవరకు చూపగలిగిందో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

చిత్ర పరిశీలన:
మాస్కో వాణిజ్య రుణ బ్యాంకు 1875లో కూలింది. రైలుమార్గాల వ్యాపారి స్ట్రౌస్‌బర్గ్‌కు తగిన హామీ లేకుండా భారీ అప్పులివ్వడం అందుకు ముఖ్య కారణం. ఆ తర్వాత ఆరేళ్ళకు వచ్చిన ఈ చిత్రంలో భిన్న వర్గాల డిపాజిటర్లు ఒకే గదిలో కనిపిస్తారు. ఒకరిది ఏడుపు, ఒకరిది ఆగ్రహం, మరొకరిది దిగ్భ్రమ. కష్టం అందరిదీ ఒకటే అయినా ఎవరి దుఃఖం వారిదే. గుంపుగా ఉన్నా వారు సమూహం కాలేదు. చిత్రానికి బలం ఇక్కడే ఉంది.

ఒక పక్కన బ్యాంకు మనిషి ఏదో కోటు జేబులో దాచుకుంటూ జారుకుంటున్నాడు. చూపరి కోపానికి అతడు సులువుగా దొరుకుతాడు. చిత్రానికి పరిమితి కూడా ఇక్కడే ఏర్పడింది. హామీ లేని అప్పు, పర్యవేక్షణ లేని పద్దు కంటికి కనబడవు కనుక వ్యవస్థ దోషమంతా ఒక దొంగ ముఖంగా కుదించుకుపోయింది.

చట్రానికి అవతల:
చిత్రం వచ్చిన మరుసటి ఏడు, 1882లో, స్కోపిన్ పట్టణ బ్యాంకు కూలింది. అధిక వడ్డీ ప్రకటనలు చూసి దూర ప్రాంతాలవారు అందులో సొమ్ము దాచారు. అటువంటివారికి మకోవ్‌స్కీ గదిలో చోటు లేదు. వారికి పతనం ఒక దృశ్యం కాదు, ఆలస్యంగా చేరిన వార్త.

తెలుగువారికి ఈ దూరం పరాయిది కాదు. 1906 అక్టోబరు 22న మద్రాసులో ఆర్బత్‌నాట్ కంపెనీ చెల్లింపులు నిలిపివేసింది. నేటి కొత్తవలస ప్రాంతం నాడు మద్రాసు రాజధానిలోని విశాఖపట్నం జిల్లాలోనిదే. ఇంత దూరాన ఉన్న డిపాజిటరుకు తలుపు తట్టే అవకాశమైనా ఉండదు. కంపెనీ భాగస్వామి సర్ జార్జ్ ఆర్బత్‌నాట్‌కు జైలుశిక్ష పడింది. అయితే దోషి దొరకడం వేరు, నమ్మకం తిరిగి నిలబడడం వేరు. ఆ రెండో పనికి వి. కృష్ణస్వామి అయ్యర్ ప్రభృతులు పూనుకోగా 1907లో ఇండియన్ బ్యాంకు ఏర్పడింది.

ముగింపు:
నష్టపోయినవారిని చరిత్రకు నాయకులుగా నిలపడం మకోవ్‌స్కీ సాధించిన విజయం. నష్టానికి కారణాన్ని మాత్రం ఆయన ఒక మనిషి జేబులోనే చూపగలిగాడు. అయినా ఆయన సభ్యుడుగా ఉన్న ‘పెరెద్విజ్నికి’ చిత్రకారుల సంఘం ఊరూరా ప్రదర్శనలు జరిపింది. బ్యాంకు గదికి చేరలేనివారి వద్దకు బొమ్మను చేర్చే మార్గమది. ఈ చిత్రాన్ని చదివేటప్పుడు పారిపోతున్నవాడితో పాటు, అసలు గదికి రాలేకపోయినవారిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. అప్పుడే దాని చారిత్రకత సంపూర్ణంగా బోధపడుతుంది.