ఒకే ‘జాతి’, రెండు పాఠములు
జీవపరిణామ బోధన పట్ల మన ప్రసంగ వేదికల వైఖరి – ఒక విమర్శ

ఉపోద్ఘాతము

కొన్ని సంవత్సరముల క్రితము అవనిగడ్డలో ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత, ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరము బై.పి.సి. చదువుతున్న ఒక విద్యార్థిని మా యొద్దకు వచ్చి, “అయ్యగారండీ, పరీక్షలో డార్విన్ సిద్ధాంతం గురించి ప్రశ్న వస్తే రాయడం పాపమాండీ?” అని అడిగినది. ఆ ఉదయము ప్రసంగములో, మనిషి కోతి నుండి పుట్టాడని చెప్పువారిని గూర్చి ఒక హాస్యపు మాట చెప్పి సంఘమును నవ్వించినది మేమే. “పరీక్షకు రాయమ్మా, మనసులో మాత్రం నమ్మకు” అని జవాబు చెప్పాము. ఆమె తల ఊపి వెళ్లిపోయినది. ఆ తరువాత ఆమె మమ్మును ఏ ప్రశ్నయు అడుగలేదు.

ఆనాడు ఆ జవాబు మాకు తెలివైనదిగానే తోచినది. ఇప్పుడు ఆలోచిస్తే, నమ్మనిదానిని మార్కుల కొరకు వ్రాయవచ్చునని పదిహేడేండ్ల బిడ్డకు సంఘ కాపరియే నేర్పినట్లయినది. ఆమె అడిగినది సత్యమును గూర్చి. మేము చెప్పినది తప్పించుకొను ఉపాయము.

జీవులు పరిణామము చెందాయా లేదా అను విషయములో జీవశాస్త్రజ్ఞుల మధ్య మౌలికమైన వివాదము లేదు. ఆ శాస్త్రమును నిరూపించుట ఈ వ్యాసము యొక్క పని కాదు. మన ప్రసంగ వేదికలు ఆ శాస్త్రమునకు వ్యతిరేకముగా వాడుతున్న వాదనలు వాక్యమునకైనను న్యాయము చేస్తున్నాయా అని పరిశీలించుటయే మా ఉద్దేశము. చేయుటలేదనియు, ఆ నష్టము మొదట మన బిడ్డలకే కలుగుతున్నదనియు మా అభిప్రాయము.

1. ఎదుటివాని కంటిలోని నలుసు

2018 జనవరిలో కేంద్ర మానవ వనరుల అభివృద్ధి శాఖ సహాయమంత్రి సత్యపాల్ సింగ్, కోతి మనిషిగా మారుట మన పూర్వికులెవరును చూడలేదు గనుక డార్విన్ సిద్ధాంతము తప్పని అన్నారు. దేశములోని మూడు విజ్ఞాన అకాడమీలు కలిసి ఆ మాటను ఖండించాయి. 2019 జనవరిలో జలంధరులో జరిగిన 106వ భారత సైన్సు కాంగ్రెసులో ఆంధ్ర విశ్వవిద్యాలయపు అప్పటి ఉపకులపతి జి. నాగేశ్వరరావు, డార్విన్ సిద్ధాంతము కంటె దశావతారములే పరిణామమును మెరుగుగా వివరిస్తున్నాయనియు, కౌరవులు టెస్ట్ ట్యూబ్ శిశువులనియు ప్రసంగించారు. ఈ రెండు సందర్భములలోను మన క్రైస్తవ వర్గములలో చాలమంది నవ్వుకొన్నారు. పురాణమును విజ్ఞానశాస్త్రముగా చదివితే ఇట్లే ఉండునని వ్యాఖ్యానించారు.

2023లో ఎన్.సి.ఇ.ఆర్.టి. పదవ తరగతి సైన్సు పుస్తకములో ‘అనువంశికత, పరిణామము’ అను పాఠము నుండి పరిణామ భాగమును తొలగించి అనువంశికతను మాత్రమే ఉంచినది. 1,800 మందికి పైగా శాస్త్రజ్ఞులు, అధ్యాపకులు నిరసన లేఖపై సంతకములు చేశారు. పన్నెండవ తరగతి జీవశాస్త్రములో ఆ అధ్యాయము మిగిలియున్నది గాని, పదవ తరగతి తరువాత జీవశాస్త్రమును విడిచిపెట్టు పిల్లలకు అది ఇక కనబడదు. ఈసారి మనము నవ్వలేదు. మేము హాజరైన ఒక పాస్టర్ల కూడికలో ఒకరు దీనిని “ప్రార్థనకు జవాబు” అన్నారు. అక్కడ ఉన్నవారిలో ఎవరును, మేము కూడ, ఆ మాటకు అభ్యంతరము చెప్పలేదు.

దశావతారములలో జీవశాస్త్రమును వెదకుట నవ్వదగినదైతే, ఆదికాండము మొదటి అధ్యాయములో జీవశాస్త్రమును వెదకుట ఏ విధముగా భిన్నమైనది? గ్రంథము మారినది గాని పద్ధతి మారలేదు. అయిదవ శతాబ్దపు ఆరంభములోనే అగస్టీను, ఆదికాండముపై తాను వ్రాసిన వ్యాఖ్యానములో, ఆకాశమును భూమిని గూర్చి బాగుగా ఎరిగిన అవిశ్వాసి యెదుట క్రైస్తవుడు లేఖనముల పేరుతో తెలివితక్కువ మాటలాడితే, అదే లేఖనములు పునరుత్థానమును గూర్చి చెప్పినప్పుడు అతడెట్లు నమ్మునని హెచ్చరించాడు. డార్విన్ గ్రంథము వెలువడినది 1859లో. కాబట్టి ఈ హెచ్చరిక ఆధునికులకు భయపడి చేసినది కాదు. సువార్త కొరకు చేసినది.

2. ‘సిద్ధాంతము మాత్రమే’ అను వాదన

“పరిణామము కేవలము ఒక సిద్ధాంతము మాత్రమే” అను వాక్యము మన కరపత్రములలో తరచుగా కనబడును. ఇది ఆంగ్లములో పుట్టిన వాదన. ఆంగ్ల వాడుకలో ఆ మాటకు ‘ఊహ’ అను అర్థము కూడ ఉన్నది గనుక అక్కడ ఆ వాదన చెల్లినట్లు కనబడును. తెలుగులో అది మన మీదికే తిరుగును. తెలుగులో సిద్ధాంతమనగా ఊహ కాదు. పూర్వపక్షమును విని, పరీక్షించి, చివరకు స్థిరపరచిన నిర్ణయము. వేదాంత కళాశాలలో మనము త్రిత్వ సిద్ధాంతమని, రక్షణ సిద్ధాంతమని బోధించునప్పుడు “ఇది సిద్ధాంతము మాత్రమే” అని తేలికచేసి చెప్పుదుమా?

విజ్ఞానశాస్త్రములోను అంతే. ఇంకను పరీక్షకు నిలువని ఊహను పరికల్పన అందురు. అనేక సాక్ష్యములను ఒకటిగా కూర్చి వివరించునది సిద్ధాంతము. గురుత్వాకర్షణయు, సూక్ష్మక్రిముల వలన రోగములు కలుగుననుటయు ఈ అర్థములో సిద్ధాంతములే. మన సంఘములోని డాక్టరు ఆ రెండవ సిద్ధాంతమును బట్టియే మనకు మందు వ్రాయును.

ఇట్లే, మనిషి ఇప్పుడున్న కోతి నుండి పుట్టెనని ఏ జీవశాస్త్ర పాఠ్యపుస్తకమును చెప్పదు. మనుష్యులకును వానరములకును అతి ప్రాచీన కాలములో ఉమ్మడి పూర్వికులు ఉండిరని చెప్పును. ఎదుటివాడు చెప్పని మాటను ఖండించి గెలిచితిమనుకొనుట, తొమ్మిదవ ఆజ్ఞను బోధించు వేదికకు తగదు.

3. ‘జాతి’ అను మాట

మన ప్రసంగములలో అతి బలమైనదిగా ఎంచబడు వాదన ఇది: దేవుడు ప్రతి జీవిని దాని జాతి ప్రకారము కలుగజేసెను, కాబట్టి ఒక జాతి మరియొక జాతిగా మారదు. ఇందులోని చిక్కు చాల వరకు తెలుగు భాషలో ఉన్నది.

ఆదికాండము మొదటి అధ్యాయములో ‘మీన్’ అను హెబ్రీ మాట పదిసార్లు వచ్చును. మన తెలుగు బైబిలు దానిని ‘జాతి’ అని అనువదించినది. తరువాతి కాలములో జీవశాస్త్ర పాఠ్యపుస్తకములను తెలుగులో వ్రాసినవారు, తమలో తాము సంతానోత్పత్తి చేయగల జీవుల సమూహమునకు పారిభాషిక పదము కావలసివచ్చి, అదే ‘జాతి’ని తీసికొన్నారు. దానిపై వర్గమునకు ‘ప్రజాతి’ అని పేరు పెట్టారు. ఫలితముగా ఆదివారము సంఘములో ‘జాతి’ అని విన్న విద్యార్థి, సోమవారము కళాశాలలో ‘జాతుల ఉత్పత్తి’ అని విని, ఈ రెండు పుస్తకములు ఒకదానితో ఒకటి పోట్లాడుతున్నవనుకొనుచున్నాడు. నిజమునకు ఒకే మాట రెండు పనులు చేయుచున్నది.

హెబ్రీ మాట శాస్త్రీయ వర్గీకరణ పదము కాదు. లేవీయకాండము 11వ అధ్యాయములో పక్షులను లెక్కించునప్పుడు కూడ ఇదే మాట వచ్చును. అక్కడ ‘రకము’ అనియే దాని భావము. పొలములో రైతు, రేవులో జాలరి చూచి చెప్పు రకములు అవి. మొదటి అధ్యాయము యొక్క వాదము వేరు. సూర్యచంద్రులను వాటి పేర్లతో పిలువక జ్యోతులని మాత్రమే చెప్పుట గమనించవలెను. చుట్టుపట్ల జనములు దేవతలుగా మ్రొక్కినవి దేవుడు పెట్టిన దీపములేనని అధ్యాయము ప్రకటించుచున్నది. దాని పోరు విగ్రహములతో, జీవశాస్త్రముతో కాదు.

మరియొక విషయము మాకు చాల ఆలస్యముగా కనబడినది. మొక్కల విషయములో, జలచరముల విషయములో, పక్షుల, పశువుల విషయములో వచ్చు ‘మీన్’ అను మాట, మనుష్యుని సృష్టి దగ్గర రాదు. మనుష్యులు రకరకములుగా చేయబడలేదు. దేవుని స్వరూపమందు చేయబడ్డారు. తెలుగులో ‘జాతి’ అనగా కులమని కూడ అర్థముండుట తెలిసిన మనము, ఈ మౌనమును గూర్చి ఎన్ని ప్రసంగములు చేశాము? కోతిని గూర్చి మాత్రము చాల చేశాము.

4. మన కాలి క్రింది నేల

భూమి వయస్సు ఆరు వేల సంవత్సరములేనని కొందరు బోధిస్తున్నారు. ఈ లెక్క 1650లో ఆర్చిబిషప్ అషర్ వంశావళులను కూడి వేసిన గణనకు దగ్గరది. 1961లో అమెరికాలో వెలువడిన జలప్రళయ గ్రంథము ద్వారా దానికి మరల ప్రచారము వచ్చినది. దివిసీమలో నిలిచి ఈ బోధ చేయుట కష్టము. సముద్రమట్టము నిలకడకు వచ్చిన తరువాత, కృష్ణానది తెచ్చిన ఒండ్రుతో ఇప్పటి డెల్టా ఏర్పడుటకే సుమారు ఆరు వేల సంవత్సరములు పట్టినట్లు భూవిజ్ఞానులు చెప్పుచున్నారు. అనగా మన నాగాయలంక, కోడూరుల నేల రాష్ట్రములో అతి చిన్న వయస్సు గల నేలలలో ఒకటి. దాని అడుగున, ఓ.ఎన్.జి.సి. చమురు కొరకు బావులు త్రవ్వుచున్న కృష్ణా-గోదావరి బేసినులో, వేల మీటర్ల మందమున అంతకంటె కోట్ల సంవత్సరములు పాతవైన శిలలు ఉన్నాయి.

ఈ నేల మనకు మరియొక పాఠమును గట్టిగా నేర్పినది. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెనలో సుమారు 10,000 మంది చనిపోయారు. దానిని దేవుని ఉగ్రత అని మాత్రమే చెప్పి ముగించిన ప్రసంగములను చిన్నతనములో మేము విన్నాము. తుఫాను గాలి, లోతు తక్కువైన తీరము, పల్లపు నేల, సకాలములో ప్రజలకు చేరని హెచ్చరిక – వీటిని గూర్చి ఆ ప్రసంగములలో ఒక్క మాటయు లేదు. నేడు వాతావరణ శాఖ హెచ్చరిక వచ్చినప్పుడు “గాలి దేవుని మాట వినును గదా” అని మనలో ఎవరును ఇంట కూర్చొనము. సంఘమును ఆశ్రయ భవనమునకు పంపుదుము, ప్రార్థనయు చేయుదుము. గాలికి దేవుడు కర్త అనుటకును, అల్పపీడనము కారణము అనుటకును వైరుధ్యము లేదని మన కాళ్లకు తెలుసు.

వేదాంతులు దీనినే ద్వితీయ కారణములు అందురు. తల్లి గర్భములో దేవుడే తన్ను నిర్మించెనని 139వ కీర్తనకారుడు ఒప్పుకొనుచున్నాడు. దానిని బట్టి పిండోత్పత్తి శాస్త్రమును పాఠ్యపుస్తకము నుండి తీసివేయమని మనమెన్నడు అడుగలేదు. ఒక్క మనిషి తొమ్మిది నెలలలో క్రమముగా ఏర్పడుట దేవుని కార్యమైతే, జీవకోటి యుగములలో క్రమముగా ఏర్పడుట ఆయన కార్యము కాకుండ ఎట్లు పోవును? ఆదికాండము మొదటి అధ్యాయములోనే, మొలిపించుమని, పుట్టించుమని దేవుడు ఆజ్ఞ ఇచ్చునది భూమికి గదా!

5. వృక్షశాస్త్ర అధ్యాపకుడు నేర్పిన పాఠము

కృష్ణా జిల్లాలో ఈ వివాదమునకు ఒక చరిత్ర ఉన్నది. 1843లో రాబర్ట్ నోబుల్ మచిలీపట్నములో పాఠశాలను ఆరంభించినప్పుడు, లేఖనములును ఆధునిక విద్యయు ఒకే గదిలో బోధింపబడినవి. తరువాతి శతాబ్దములో అదే పట్టణములోని హిందూ కళాశాలలో గోపరాజు రామచంద్రరావు, అనగా గోరా, వృక్షశాస్త్రమును బోధించారు. నాస్తిక భావముల కారణముగా ఉద్యోగములు కోల్పోయి, 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రమును స్థాపించారు. 1947లో అది విజయవాడకు మారినది.

దేవుడు లేడను గోరా నిర్ణయమును మేము అంగీకరింపము. ప్రకృతి ఎట్లు నడచునో చెప్పు శాస్త్రము, దానికి కర్త ఉన్నాడా లేడా అని తీర్పు చెప్పజాలదు. అక్కడ నాస్తికులు తమ పొలిమేర దాటుచున్నారు. అయినను ఆయన సహపంక్తి భోజనములు పెట్టారు, తన కుమార్తెను దళిత యువకునికిచ్చి వివాహము చేశారు. దేవుని స్వరూపమును ఒప్పుకొను మన సంఘములలో వివాహ సంబంధములు నేటికిని ఏ ‘జాతి’ని చూచి కుదురుచున్నవో కాపరులకు చెప్పనక్కరలేదు.

మనము భయపడు ఆ శాస్త్రమే ఈ విషయములో మనకు సాక్ష్యమిచ్చుచున్నది. 2009లో హైదరాబాదు సి.సి.ఎం.బి.కి చెందిన తంగరాజ్, లాల్జీ సింగ్, అమెరికాలోని డేవిడ్ రైక్ మొదలగువారు 25 భారతీయ సమూహముల జన్యువులను పరిశీలించి ప్రచురించిన అధ్యయనములో మాల, మాదిగ, వైశ్య, వెలమ సమూహములు కూడ ఉన్నాయి. నేటి భారతీయులలో దాదాపు అందరు రెండు ప్రాచీన జనముల కలయిక వలన కలిగినవారేనని అది తేల్చినది. ఆ కలయిక సుమారు 4,200 నుండి 1,900 సంవత్సరముల క్రితము వరకు జరిగి, తరువాత ఆగి, తమలో తామే పెండ్లాడు పద్ధతి గట్టిపడినదని 2013 అధ్యయనము చెప్పినది. ఏథెన్సులో పౌలు మనుష్యులందరు ఒకని నుండి కలిగిరని చెప్పిన మాటకు, ప్రయోగశాల నుండి ఇంత దగ్గరగా వచ్చిన సాక్ష్యమును మనము వేదికపై ఎందుకు వాడుకొనలేదు?

6. మిగిలియున్న ప్రశ్నలు

కష్టమైన ప్రశ్నలు లేవని మేము చెప్పము. రోమా 5వ అధ్యాయములోని ఆదామును ఎట్లు గ్రహించవలెను? పతనమునకు ముందే జంతువులలో మరణముంటే, మరణము పాపపు జీతమనుట ఏ అర్థములో? బలవంతుడే బ్రతుకునను మాటను పట్టుకొని బలహీనులను త్రొక్కినవారికి ఏమి జవాబు? ఈ చివరి ప్రశ్నకు జవాబు స్పష్టము: ప్రకృతిలో జరుగునది మనుష్యులకు ధర్మశాస్త్రము కాదు, సిలువయే మనకు కొలత. మొదటి రెండింటిపై విశ్వాసులైన పండితులు భిన్నాభిప్రాయములు కలిగియున్నారు. మానవ జన్యు పటమును రూపొందించిన ప్రాజెక్టుకు నాయకత్వము వహించిన ఫ్రాన్సిస్ కాలిన్స్ సువార్తిక విశ్వాసియే. ఈ ప్రశ్నలను తరగతిగదిలో ఎదుర్కొనవలెను గాని హాస్యముతో దాటవేయరాదు.

ముగింపు

కాపరులకు మా మనవి మూడు మాటలు. కోతి హాస్యమును ప్రసంగముల నుండి తీసివేయుదము. సంఘము నవ్వునప్పుడు నవ్వని విద్యార్థి ఒకరు వెనుక వరుసలో ఉందురు. మన సంఘములలోని సైన్సు ఉపాధ్యాయులను యౌవనుల కూడికకు పిలిచి, వారి పాఠమును వారి నోట విందము. వేదాంత కళాశాలలలో ఆదికాండమును బోధించునప్పుడు, ఇంటర్మీడియట్ జంతుశాస్త్రములోని పరిణామ పాఠమును ప్రక్కన పెట్టుకొని చదివించుదము.

ఆ విద్యార్థినికి మేము చెప్పవలసిన జవాబు ఇప్పుడు మాకు తెలుసు. “పాపం కాదమ్మా. నీకు అర్థమైనది నిజాయితీగా రాయి. అర్థం కానిది వచ్చి అడుగు, ఇద్దరం కలిసి చదువుదాం.” ఈ మాట చెప్పుటకు బి.డి. పట్టా అవసరము లేదు. సృష్టికర్త సత్యమునకు భయపడడని నమ్మితే చాలును. ఆమె మరల వచ్చి అడుగలేదు గాని, ఈ సంవత్సరము మరియొకరు వచ్చి అడుగుదురు. అప్పటికి మనము సిద్ధముగా ఉందుము గాక.