మహానంది విమానము – మన చిత్రకారులు

పురాతనమైన కట్టడమును చిత్రించువాడు ఒక విధముగా సాక్షి. సాక్షికి సొంపైన మాటలు అక్కఱలేదు. చూచినది చూచినట్లు చెప్పిన చాలును. చిత్రలేఖనము గోడకు అలంకారమే గాని అంతకు మించినది కాదని తలచువారికి ఈ మాట వింతగా తోచవచ్చును. మహానంది చిత్రములను గూర్చి నాలుగు మాటలు వ్రాసిన మా యభిప్రాయము స్పష్టపడగలదు.

నంద్యాలకు చేరువను, నల్లమల పాదమున వెలసిన ఈ క్షేత్రమును గూర్చి విననివారు రాయలసీమలో అరుదు. తేటయైన ఊటనీటితో నిండిన కోనేరు, ఆ నీటితో పండు అరటితోటలు, వెనుక పచ్చని కొండ కనబడుచుండగా చిత్రకారుని చేయి ఊరకుండునా? పంచాంగపు గోడపటములందును, విద్యార్థుల ప్రదర్శనములందును మేము చూచిన మహానందులు అనేకము. కోనేటి అడుగు కనబడునట్లు నీటిని చిత్రించిన నేర్పరులు వారిలో ఉన్నారు. వారిని మెచ్చుకొనక తప్పదు. కాని గర్భగృహముపైని విమానముకడకు వచ్చునప్పటికి ఆ నేర్పు ఎటుపోవునో తెలియదు. కొందఱు దానిని ఎత్తైన గోపురము చాటున దాచివేసిరి. మఱికొందఱు ఆ గోపురపు అంతస్తులనే తెచ్చి విమానముపై పేర్చిరి.

ఇది చిన్న పొరపాటు కాదు. మహానంది విమానము దక్షిణదేశమున వాడుకయైన అంతస్తుల కట్టడము గాదు. బాదామి చాళుక్యుల నాటి రేఖానాగర పద్ధతిది. దాని ప్రక్కలు నిలువుగా లేచి, పైకి పోయినకొలది లోనికి వంగి, ఉసిరికాయవలె తొనలు తీరిన ఆమలకముక్రింద కలియును. ముందువైపు శుకనాస పొడుచుకొని వచ్చును. అలంపురమున నవబ్రహ్మాలయములలో పెక్కింటిని, గిద్దలూరు సమీపమున సత్యవోలు రామలింగేశ్వరాలయమును చూచినవారు ఈ పోలికను ఇట్టే గుర్తింతురు. ఉత్తరదేశపు శిల్పరీతి క్రీ.శ. 7, 8 శతాబ్దులలో మన తుంగభద్రాతీరమునకును, నల్లమల అంచులకును వచ్చి నిలిచెననుటకు ఆ వంపే నిదర్శనము. వంపును తుడిచినవాడు చరిత్రలో ఒక పుటను తుడిచినవాడగును. పైగా సున్నపు పూతలు, రంగులు, జీర్ణోద్ధరణములు పాతగుడులకు కలుగుచునే యుండును. అసలు రూపమేదని రేపటివారు అడిగిన దినమున మన పటము అబద్ధము చెప్పరాదు.

చిత్రకారునికి స్వేచ్ఛ లేదా యని కొందఱు అడుగుదురు. ఉన్నది. ఆంగ్లచిత్రకారుడైన టర్నరు 1839లో ప్రదర్శించిన టెమరేర్ అను యుద్ధనౌక చిత్రమునే తీసికొందము. 1805లో ట్రఫాల్గర్ యుద్ధమున పోరాడిన ఆ 98 ఫిరంగుల నౌకను, విఱుగగొట్టుటకై 1838లో ఆవిరిపడవలు ఈడ్చుకొనిపోయినవి. అప్పటికే దాని తెరచాపల స్తంభములు తీసివేయబడినవి. టర్నరు వానిని నిలిపెను. ఈడ్చిన పడవలు రెండు; ఆయన ఒకటే వ్రాసెను. ఐనను ఆ చిత్రము అబద్ధమనిపింపదు. ఏది విడిచెనో, ఏది చేర్చెనో ఆయన యెఱుగును. ఒక యుగము అస్తమించు దుఃఖమును చూపుటకే అట్లు చేసెను. మన పటములు వ్రాయువాడు విమానమును మార్చినది అట్టి ఉద్దేశముతో కాదు, తలయెత్తి చూడకపోవుటచేత. తెలిసి విడుచుట స్వేచ్ఛ. తెలియక విడుచుట అజ్ఞానము.

చిత్రకారుని సాక్ష్యమునకు విలువ ఎంతయో అమరావతి చెప్పును. 1816 నుండి కొన్నియేండ్లు కాలిన్ మెకంజీ పరివారము అచ్చటి స్తూపపు శిలలను చిత్రించెను. తరువాత వానిలో కొన్ని కనబడకుండ పోయినవి. నేడు ఆ శిల్పములకు ఆ కాగితములే ఆధారము. మనకు మఱింత దగ్గఱి ఉదాహరణము కూడవెల్లి సంగమేశ్వరాలయము. శ్రీశైల జలాశయపు ముంపునకు గుఱికానున్న ఆ గుడిని విప్పి, అలంపురమునకు తెచ్చి మరల కట్టిరి. కొలతలును పటములును లేక అట్టి పని యెట్లు సాగును?

ఛాయాచిత్రములుండగా చేతిపని యేల యనువారు కలరు. ఛాయాచిత్రము ఎదుట నున్నదెల్ల క్షణములో పట్టుకొనును; మంచిదే. కాని గంటసేపు కూర్చుండి గీసిన బాలుడు ఆ వంపు ఎచ్చట మొదలైనదో ఎన్నడును మఱువడు. కట్టడము కాగితముపైననే గాక వాని మనసునందును నిలుచును.

ఈ విద్యకు పెద్ద పాఠశాలలు అక్కఱలేదు. తెల్లవాఱక మునుపే లేచి, చుక్కలు లెక్కపెట్టి, గీత తప్పకుండ వాకిట ముగ్గు వేయు మన ఆడువారి చేతులకు కొలత క్రొత్తది కాదు. ఆ చేతికి ఒక పెన్సిలును, కాగితమును, కొలతపట్టీని ఇచ్చి, బిడ్డలతోకూడ గుడిముంగిట కూర్చుండనిండు. మ్రొక్కు తీర్చుకొనవచ్చిన కుటుంబము ఒక పూట దీనికి వెచ్చించిన స్వామికి అపచారము కలుగదు. మొదటి పటము వంకరగా వచ్చినను చింతలేదు. వంపు ఉన్నచోట వంపును, ఆమలకమున్నచోట ఆమలకమును పెట్టిన ఆ వంకర పటమును, మేము చూచిన మెఱుగుపటములన్నిటికంటె మేలైనదిగా ఎంతుము.