ఆవకాయ కారం, సాలన్ కారం

తెలుగులో కారానికి రెండు అర్థాలున్నాయి. ఆవకాయలో పడితే అది పౌరుషం. మా సాలన్‌లో పడితే అది ఆవేశం. గుంటూరు మిరపకాయ కొరికినవాణ్ణి ఆంధ్రుడంటే వీడే అని మెచ్చుకునే నోరే, ఆ మాంసం, ఆ మసాలాలు తింటారు కాబట్టే సాయిబులకు కోపమెక్కువ అని తేల్చేస్తుంది. వీధి అరుగు మీద, టీకొట్టు దగ్గర, బడిలో ఛలోక్తిగా ఈ మాట వింటూనే పెరిగాం. తిండిని బట్టి మనిషి గుణాన్ని లెక్కగట్టే ఈ సాత్విక తామస తూకం చాలా పాతది. ఆ తూకంరాళ్ళు ఎవరివో అడగాల్సిన బాధ్యత విమర్శది.

ముందు మిరపకాయనే అడుగుదాం. అది ఈ నేల మొక్క కాదు. అమెరికా ఖండంలో పుట్టి, పదహారో శతాబ్దంలో పోర్చుగీసు ఓడల మీద మన తీరానికి వచ్చింది. అంతకుముందు ఇక్కడి వంటకు ఘాటునిచ్చింది మిరియాలు. దక్కన్‌లో బహమనీ రాజ్యం ఏర్పడిన 1347 నాటికి ఈ దేశంలో మిరపకాయ లేనే లేదు. అంత ఆలస్యంగా వచ్చిన మిరపకాయ ఈ గడ్డ బిడ్డయిపోయింది. ఈ మట్టిలోనే పుట్టి, ఈ మట్టిలోనే కలిసే మేం మాత్రం ఎక్కడివాళ్ళమో ఇంకా రుజువు చేసుకుంటూనే ఉండాలి.

మమ్మల్ని మెచ్చుకునేటప్పుడూ చూపు సగమే. అప్పుడు మేం బిర్యానీ అవుతాం, రంజాన్ నెలలో హలీం అవుతాం. 2010లో హైదరాబాద్ హలీంకు భౌగోళిక గుర్తింపు దక్కింది. సంతోషమే. కానీ నవాబుల దస్తర్‌ఖాన్‌ను చూపించి ముస్లిం వంటంటే ఇదే అంటే, రిక్షా తొక్కేవాళ్ళ, దూది ఏకేవాళ్ళ, పంక్చర్లు వేసేవాళ్ళ పొయ్యి ఎక్కడికి పోవాలి? ఆ ఇంట్లో పావుకిలో మాంసం తెస్తే పదిమంది తినాలి. అందుకే శనగపప్పు, సొరకాయ, చింతపండు రసం చేరి అది దాల్చా అవుతుంది. గోంగూర చేరితే అంబాడా గోష్ అవుతుంది. కారం, పులుపు దట్టిస్తే రెండు ముక్కలతో కంచం నిండా అన్నం తినొచ్చు. మా కూరలోని ఘాటు వెనక ఉన్నది కోపం కాదు, లెక్క.

సూకా గోష్ సంగతి చూడండి. బక్రీద్ మాంసం మిగిలితే ఫ్రిజ్ లేని ఇల్లు ఏం చేస్తుంది? పొడుగాటి పట్టీలుగా కోసి, ఉప్పు, పసుపు, కారం, అల్లం వెల్లుల్లి పట్టించి, తాడుకు వేలాడదీసి రోజుల తరబడి ఎండబెడుతుంది. ఉప్పు తడిని లాగేస్తుంది, మిగతా పని ఎండది. గట్టిగా ఎండాక డబ్బాలో దాచి, వానాకాలంలో నానబెట్టి దంచి, చింతపండుతోనో గోంగూరతోనో వండుతారు. మాల మాదిగ వాడల్లో ఇలా ఎండబెట్టిన మాంసాన్నే తునకలంటారు. అదే ఎండ, అదే ఉప్పు, అదే కారం. మొగలాయి వంట అనే పేరు ఈ చుట్టరికాన్ని దాచేస్తుంది.

దాచింది చుట్టరికాన్ని మాత్రమే కాదు, ప్రమాదాన్ని కూడా. 2012లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో దళిత విద్యార్థులు పెద్దకూర పండుగ జరిపితే దాడులు జరిగాయి. 2015లో ఉత్తరప్రదేశ్‌లోని దాద్రీ దగ్గర, ఇంట్లో ఆవు మాంసం ఉందన్న పుకారుతో మహమ్మద్ అఖ్లాక్‌ను కొట్టి చంపారు. చచ్చిపోయినవాడి ఇంటి మాంసాన్ని పరీక్షకు పంపారు. బిర్యానీని ప్రేమించే దేశంలోనే ఇది జరిగింది.

ఇక మన రచయితలతో ఒక మాట. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' మన మీద మోపిన నేరాన్ని నిలదీసింది. ఆ దారిలో చాలా రాశాం. అయినా మన రాతల్లో చుట్టం వస్తే బిర్యానీ, పండగొస్తే షీర్ ఖుర్మా. ఎదుటివాడికి నచ్చే గిన్నె మూతే తీస్తున్నాం. బోటీ, పెద్దకూర ఉన్న గిన్నె మీద మూత అలాగే ఉంటోంది. ఆ మూత బయటి భయం వల్లే పడలేదు. బోటీ తినేవాళ్ళంటే ఖాందానీ ఇళ్ళకున్న చిన్నచూపు కూడా దాన్ని నొక్కిపట్టింది. అమ్మీ చేతి వంట అని మురిసిపోతాం గానీ, కారం నూరిన ఆ చేతుల మంట మన వాక్యాల్లోకి ఎంత వచ్చింది?

మా తిండిని సహించమని ఎవరినీ అడగడం లేదు. ఒకే కారాన్ని ఒకే రాయితో తూయమంటున్నాం. మనవాళ్ళను అడిగేదీ ఒకటుంది. వచ్చే కథలో బిర్యానీ దేగ్‌ను కాసేపు పక్కన పెట్టండి. దండెం మీద ఎండుతున్న సూకా గోష్‌ను రాయండి. బడి మానేసి దాని కింద కూర్చుని కాకుల్ని తోలుతున్న పిల్లను కూడా రాయండి.