మారియెంటాల్ వీధియు, మానసికారోగ్యమును: మారీ యహోడా కృషిపై విమర్శ

రోగము లేకపోవుటయే ఆరోగ్యమా? మనస్సు విషయమున ఈ ప్రశ్నను నిశితముగ విచారించిన వారిలో మారీ యహోడా ముఖ్యురాలు. 1907లో వియన్నాలో జన్మించి, 2001లో ఇంగ్లండున మరణించిన ఈ సామాజిక మనస్తత్త్వవేత్త, 1958లో అమెరికాలో వెలువడిన గ్రంథమున, మనోవ్యాధి లేకుండుట వేరు, మానసికారోగ్యము కలిగియుండుట వేరు అని వాదించెను. తన్ను గూర్చి తనకు గల దృష్టి, వికాసము, అంతస్సమన్వయము, స్వయంనిర్ణయము, యథార్థదర్శనము, పరిసరములను నిర్వహించుకొను నేర్పు అని ఆరు లక్షణములను క్రోడీకరించెను. 1989లో కెరోల్ రిఫ్ ప్రతిపాదించిన ఆరంగముల పద్ధతికి గూడ ఇది ఒక ఆధారము.

పట్టిక ఉపయుక్తమైనదే. కాని యహోడా ప్రతిభ పట్టికలో లేదు. అందులో మనుష్యుడున్నాడు, వాని ఊరు లేదు. ఆ ఊరిని చూడవలెనన్న ఆమె తొలి గ్రంథమునకు పోవలెను.

వియన్నాకు సమీపమున మారియెంటాల్ అను గ్రామము కలదు. అది ఒక్క నూలు, నేత మిల్లును నమ్ముకొని బ్రతికినది. ఆ మిల్లు 1929-30లో మూతపడెను. లజార్స్‌ఫెల్డ్, జైజెల్ అనువారితో కలిసి యహోడా అచటి 478 కుటుంబముల స్థితిని పరిశీలించి 1933లో ప్రకటించెను. ఆంగ్లానువాదము 1971 వరకు రాలేదు. అందుచేత ఆంగ్లము చదువు లోకమునకు పట్టిక ముందు తెలిసి, ఊరు తరువాత తెలిసినది.

పని పోయిన వానికి తీరిక చిక్కును గనుక చదువుకొనునని పలువురు తలతురు. జరిగినది విపరీతము. గ్రంథాలయమున రుసుము తీసివేసినను, 1929 నుండి 1931 నాటికి ఎరవుపోయిన పుస్తకముల సంఖ్య ఇంచుమించు సగమునకు దిగిపోయెను. పుస్తకములు ఉచితముగ పెట్టినంతనే పఠనము పెరుగునని నమ్ము సంఘములవారు ఈ అంకెను గమనింతురు గాక. వీధిని పోవు నూరుగురు పురుషులలో 88 మంది గడియారము ధరింపలేదు. నడుమనడుమ నిలిచిపోవుచు నడచిరి. ఉదయము లేచుట, మధ్యాహ్నభోజనము, నిద్ర తప్ప దినమున ఏమి చేసితిమో వారికి చెప్పనలవి గాలేదు. స్త్రీలో, ఇంచుమించు ఒకటిన్నర రెట్లు వేగముగ నడచిరి. వంట, ఉతుకుడు, చినిగినవి కుట్టుకొనుట వారి దినమును విడువలేదు. వారు పని లేనివారు గారు, కూలి లేనివారు మాత్రమే. అయినను ఆ స్త్రీలే మరల మిల్లునకు పోగోరిరి. డబ్బు కొరకే కాదు, నలుగురితో కలియుట కొరకు.

1982లో యహోడా మరియొక గ్రంథమున దీనిని సిద్ధాంతముగ మలచెను. ఉద్యోగము కూలితోపాటు కాలనియమము, పరిచయములు, ఉమ్మడి ప్రయోజనము, సంఘమున స్థానము, నిత్యవ్యాపృతి అను ఐదింటిని ఇచ్చునని ఆమె మతము. ఇచటనే చిక్కు గలదు. మారియెంటాల్ స్త్రీల దినమునకు నియమమిచ్చినది ఇల్లు. ఇయ్యలేకపోయినది సాంగత్యము. కావున ఆ ఐదును ఒకే మూటగ రావు. ఈ భేదము 1933లో కన్నులకు కట్టినట్లున్నది. 1982లో మసకబారినది. మనుష్యుడు ఉద్యోగము నింపవలసిన పాత్ర కాడనియు, తన బ్రతుకును తానే తీర్చుకొనగోరు వానికి దారిద్ర్యమే అడ్డుపడుననియు డేవిడ్ ఫ్రయర్ చెప్పిన ఆక్షేపణ సైతము త్రోసివేయరానిది.

ఆ 1982వ సంవత్సరముననే, జనవరి 18న, బొంబాయి మిల్లులలో సుమారు రెండున్నర లక్షల కార్మికుల సమ్మె ఆరంభమైనది. తెలంగాణ నుండి పోయి మగ్గములపై బ్రతికిన పద్మశాలీలు వారిలో గలరు. తిరిగి పని దొరకనివారెందరో. వారి చరిత్రను వ్రాయువారు కూలిని, మిల్లులను, నాయకులను లెక్కించిరి గాని, వారి దినమేమైనదో అరుదుగ అడిగిరి. దానికి యహోడా తొలి గ్రంథము దారి చూపగలదు.

సోలాపురమున ఇంట గూర్చుండి బీడీలు చుట్టు తెలుగు స్త్రీల యెడ ఆమె సిద్ధాంతము తడబడును. వారికి పని కలదు, వేయికింతయని కూలి కలదు. కాని పని ఎచట ముగిసి ఇల్లు ఎచట మొదలగునో గీత గీయుట దుర్ఘటము. వీరి నిమిత్తము ఆరు లక్షణముల ప్రశ్నావళిని తెనిగించుటకన్న, వీరు దినమును గడుపు తీరును గంటగంటకు వ్రాసికొనుట మేలు. ప్రవాసాంధ్ర పఠనమందిరములందు పాత ఎరవుచిట్టాలు నిలిచియున్నచో, ఏ యేట ఎన్ని పుస్తకములు బయటకు పోయినవో లెక్క గట్టుట మొదటి పని.