ఎత్తును ఖర్చుపెట్టే ఆట

ఖరగ్‌పూర్‌లో ట్రాఫిక్ అని ఒక పేట ఉంది. రైల్వే ఊళ్లో రైల్వే పేట. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి బెంగాల్ నాగపూర్ రైల్వే కొలువులకు వెళ్లి, తరాలుగా అక్కడే ఉండిపోయిన తెలుగు కుటుంబాలు ఆ ఊరినిండా ఉన్నాయి. అలాంటి ఇంట్లో ఓ పిల్లాడికి మార్బుల్ రన్ పెట్టె కొనిస్తే తాతగారిని కూడా పక్కన కూర్చోబెట్టాలి. ముక్కలు తగిలించి గోళీ దొర్లడానికి దారి కట్టే ఈ బొమ్మలో గ్రేడు, కర్వు, జాయింటు, పాయింటు అన్నీ ఉన్నాయి. వాటితో ఆయన ఉద్యోగమంతా గడిచింది.

పాతకాలపు పెద్ద మార్షలింగ్ యార్డుల్లో హంప్ అని ఓ దిబ్బ ఉండేది. షంటింగ్ ఇంజను వ్యాగన్లను వెనకనుంచి ఆ దిబ్బ మీదికి నెమ్మదిగా నెట్టేది. శిఖరం దాటగానే కప్లింగు విప్పిన వ్యాగను తన బరువుతోనే కిందికి దొర్లేది. ముందు పాయింట్లు ఎటు తిరిగి ఉంటే ఆ లైన్లోకి పోయేది. నిండు వ్యాగను దూకుడుగా వచ్చేది, ఖాళీది ఎదురుగాలి తగిలితే మధ్యలోనే నిలిచిపోయేది. పట్టాల మీద స్కిడ్లు పెట్టి వేగం చంపడం ఓ విద్య. 1980ల తర్వాత బండిని బండిగానే గమ్యానికి పంపే పద్ధతి పెరిగి, హంపుల పని తగ్గిపోయింది. మార్బుల్ రన్ కట్టేవాడికి కావలసిన పాఠం మాత్రం ఆ దిబ్బ మీదే ఉంది: పైకి ఎత్తడానికి ఒక్కసారే శ్రమ, ఆ తర్వాత జరిగేదంతా దాని ఖర్చే.

ఎత్తు నెలజీతం లాంటిది. మొదట్లో ఒక్కసారి చేతికొస్తుంది, చివరిదాకా సర్దుకోవాలి. కొత్తగా కట్టేవాళ్లు మొదటి నిమిషంలోనే గోళీని నిటారుగా జారవిడిచి సగం జీతం తగలేస్తారు. గోళీ 30 సెంటీమీటర్లు దిగేసరికి, రాపిడి లేదనుకుంటే, సెకనుకు రెండు మీటర్ల వేగం అందుకుంటుంది. ఆ వేగంతో వచ్చిన గోళీ మలుపులో నిలవదు, గోడెక్కి దూకేస్తుంది. మిగిలిన ఎత్తుతో చేయడానికి ఇంకేమీ ఉండదు. అంత ఎత్తునుంచి రాయిలా పడితే వేగం ఇంకా ఎక్కువ ఉండేది. కానీ దొర్లే గోళీ తనచుట్టూ తాను తిరగడానికి కూడా కొంత శక్తి వాడుకుంటుంది, ఏడు పాళ్లలో రెండు పాళ్లు. గోళీ అడుగు తాకకుండా రెండు అంచుల మీద దొర్లితే ఆ వాటా ఇంకా పెరిగి, నడక మందగిస్తుంది. అందుకే ఒకే వాలు మీద రెండు ఊచల పట్టా, నున్నటి తొట్టి ఒకే వేగం ఇవ్వవు.

ఎంత వాలు చాలు అన్నది దొర్లే వస్తువుని బట్టి ఉంటుంది. స్టేషను యార్డులో వాలు 400కి ఒకటి మించకూడదని రైల్వే నియమం. కొత్తగా వేసేచోట 1200కి ఒకటి ఉంటే మంచిదంటారు. రోలర్ బేరింగుల మీద ఉక్కు చక్రం ఉక్కు పట్టాపై ఎంత సులువుగా కదిలిపోతుందో ఈ అంకెలు చూస్తే తెలుస్తుంది. ప్లాస్టిక్ తొట్టిలో గాజుగోళీకి అది ఏ మూలకూ చాలదు. 15కి ఒకటి ఇస్తే నమ్మకంగా వెళ్తుంది.

అసలు కష్టం వాలులో లేదు, అతుకులో ఉంది. రెండు ముక్కలు కలిసేచోట కిందిముక్క అంచు వెంట్రుకవాసి పైకి లేచినా గోళీ ఎగిరిపడుతుంది. కిందికి దిగి ఉంటే ఏమీ కాదు, చిన్న చప్పుడు చేసి సాగిపోతుంది. కాబట్టి మంచి ముక్కకు గోళీ వచ్చే నోరు కాస్త వెడల్పుగా, కాస్త పల్లంగా ఉంటుంది. పది ముక్కల్లో ఒక్కొక్కటి అరమిల్లీమీటరు తేడాగా కోస్తే పదో ముక్క దగ్గర అర సెంటీమీటరు పక్కకి పోవచ్చు. ఒకే కొలత ముక్కలతో కట్టడంలో ఉన్న గొప్ప ఇక్కడే. గోళీ ఎక్కడ పడిందో అక్కడే తప్పు, లేకపోతే దానికి ముందు ముక్కలో. ఆ రెండూ తీసి, మళ్లీ పెట్టి, అక్కడినుంచే గోళీ వదిలి చూడొచ్చు. మొత్తం కూల్చనక్కర్లేదు. పిల్లలకు ఈ బొమ్మ ఇచ్చే లాభాల్లో నేను మొదట చెప్పేది ఇదే. సృజన, ఏకాగ్రత అని పెట్టెమీద రాసేవన్నీ దీని తర్వాతే.

మలుపుల సంగతి రైలువాళ్లకు చెప్పక్కర్లేదు. మన బ్రాడ్‌గేజ్ లైన్ల మీద మలుపులో బయటి పట్టాను 165 మిల్లీమీటర్ల వరకు ఎత్తుతారు. గోళీదారిలో బయటి గోడని పెంచడం కంటే అడుగునే లోపలికి వాల్చడం మేలు. గోడ ఆపుతుంది, వాలు తిప్పుతుంది. నిలువు చక్రం తిప్పాలనుకుంటే లెక్క కచ్చితం: చక్రం వ్యాసార్ధానికి కనీసం 2.7 రెట్లు ఎత్తునుంచి వదలాలి. రాపిడికి కలుపుకుని మూడున్నర రెట్లు ఉంచుకోవడం తెలివి.

బజారులో దొరికేవాటిలో నాకు స్విట్జర్లాండు క్యూబోరో మీద మోజు. మత్తియాస్ ఎట్టర్ 1970లలో ఊహించి, 1980లలో చెక్కతో బజారుకు తెచ్చాడు. అన్నీ అయిదు సెంటీమీటర్ల బీచ్‌చెక్క ఘనాలు. పైన గాడి, లోపల సొరంగం. గోళీ కంటికి కనబడకుండా దూరి మరోచోట తేలుతుంది కాబట్టి మనసులోనే దారి చూడటం అలవాటవుతుంది. జపాన్ షోగీ ఆటగాడు ఫుజీ సోతా చిన్నప్పుడు దీంతో ఆడాడని 2017లో తెలియగానే అక్కడ పెట్టెలు దొరక్కుండా పోయాయి. అదే ఏడాది జర్మనీ రావెన్స్‌బర్గర్ తెచ్చిన గ్రావిట్రాక్స్ ఆరుపలకల గడుల మీద నడుస్తుంది. దాంట్లో అయస్కాంతపు ఫిరంగి ఉంది. మెల్లగా వచ్చిన గోళీని అయస్కాంతం లాక్కుని, అవతలి గోళీని తన్ని పంపుతుంది. పిల్లలు కేరింతలు కొడతారు. నాకది అప్పుచేసి ఖర్చుపెట్టినట్టే ఉంటుంది. అతుక్కున్న గోళీని మళ్లీ చేత్తో లాగి పెట్టేదాకా ఆ బాకీ తీరదు.

పాయింట్ల మాటకొస్తే, అసలు వినోదం అక్కడుంది. గోళీ తగలగానే పక్కకి ఒరిగే చిన్న లివరు పెడితే, మొదటి గోళీ ఎడమకు, రెండోది కుడికి, మూడోది మళ్లీ ఎడమకు. వరసగా నాలుగు పెడితే గోళీలు అంకెలు లెక్కిస్తాయి. 1960లలో అమెరికాలో అమ్మిన డిజి-కాంప్ 2 అనే బొమ్మ ఇలాగే, కరెంటు లేకుండా, కూడికలు, గుణకారాలు చేసింది. లివరు తిప్పాలంటే మాత్రం గాజుకన్నా బరువైన స్టీలు గోళీ మేలు. పాత బేరింగుల్లోది దొరికితే మరీ మంచిది.

దిగుమతి పెట్టెల ధర మధ్యతరగతికి మింగుడుపడదు. ఎలక్ట్రికల్ దుకాణంలో దొరికే 25 మిల్లీమీటర్ల పీవీసీ పైపు కొని, హాక్సా బ్లేడుతో నిలువునా రెండుగా చీల్చండి. అడుగు గుండ్రంగా ఉంటుంది కాబట్టి గోళీ పక్కకి జరిగినా మళ్లీ నడుమకే వస్తుంది. వైరింగు కేసింగు చదునుగా ఉండి గోళీని అటూఇటూ పోనిస్తుంది, వద్దు. ముక్కలన్నీ 15 సెంటీమీటర్లకే కోయాలి, ఒక్కటి కూడా తేడా రాకూడదు. పైముక్క కొసని కిందిముక్కలో వేలిమందం లోపలికి కూర్చోబెడితే అతుకు ఎప్పుడూ పల్లంలోకే ఉంటుంది. దారి తిరగాల్సినచోట అట్టపెట్టె మూల ఒకటి పెట్టండి. గోళీ గోడని గుద్ది, వేగం పోగొట్టుకుని, కింది తొట్టిలోకి జారి వెనక్కి పోతుంది. ఇదే మీ స్కిడ్డు.

గెలీలియో 1638 నాటి పుస్తకంలో చెప్పిన నియమం కూడా ఇంట్లోనే వినొచ్చు. ఒక పొడుగాటి తొట్టి మీద పైకొసనుంచి 10, 40, 90, 160 సెంటీమీటర్ల దగ్గర గోళీ తాకేలా సన్నటి దారాలు కట్టి, కదలకుండా పట్టుకున్న గోళీని వదలండి. దూరాలు పెరుగుతూ పోయినా టిక్కులు సమానంగా వినిపిస్తాయి. దారం బిగువైతే గోళీ ఆగిపోతుంది, వదులుగానే కట్టాలి.

పిల్లల మధ్య పోటీ పెట్టదలిస్తే ఎవరి గోళీ ముందొస్తుందని పెట్టకండి. అది ఎవరైనా గెలుస్తారు, పైపు నిటారుగా నిలబెడితే చాలు. అందరికీ ఒకే ఎత్తు, ఒకే సంఖ్యలో ముక్కలు ఇచ్చి, ఆలస్యంగా వచ్చిన గోళీకి బహుమతి అనండి. షరతు ఒక్కటే: మధ్యలో ఆగకూడదు, పదిసార్లు వదిలితే పదిసార్లూ కిందికి చేరాలి.