పసుపు మానితేనే పసరు లెక్క

ఆమ్లం తగ్గే మాత్రలు వేసుకుంటున్నా మంట తగ్గదు, పొద్దున లేస్తే నోరంతా చేదు. ఇలా చెప్పేవారిలో కొందరికి పైకి ఎగదన్నేది ఒట్టి ఆమ్లం కాదు. చిన్నపేగులోంచి పొట్టలోకి, అక్కణ్ణించి అన్నవాహికలోకి పసరు, అంటే పిత్తరసం కూడా వస్తుంది. దాన్ని పట్టుకోవడానికి ఇటలీలోని ఫ్లారెన్స్ పరిశోధకులు తెచ్చిన పరికరం బిలిటెక్ 2000. దాన్ని వాడిన రోజుల్లో నడుముకు కట్టుకుని ఇంట్లో తిరగగలిగేవారు, పడుకోగలిగేవారు.

అంతకుముందు పీహెచ్ 7 దాటితే పసరు అనుకునేవారు. లాలాజలం మింగినా 7 దాటవచ్చు! ఈ పరికరం రంగును చూసేది. పసరులోని బిలిరుబిన్ 450 నానోమీటర్ల దగ్గరి నీలికాంతిని బాగా పీల్చుకుంటుంది. ముక్కులోంచి దించిన సన్నటి గొట్టం గుండా 470 నానోమీటర్ల నీలికాంతి, పోలికకు 565 నానోమీటర్ల ఆకుపచ్చ కాంతి వెళ్లేవి. పీల్చుకున్న కొలత 0.14 దాటితే పసరు వచ్చినట్టు.

గొట్టం కొసన 2 మిల్లీమీటర్ల సందు ఉండేది. పసరు అందులోకి చేరితేనే కొలత. దించేముందు దాన్ని నీళ్లలో ముంచి సున్నా సరిచూసేటప్పుడు నా కళ్లు ఆ సందు మీదే ఉండేవి. ఒక బుడగ నిలిచినా మొదలే తప్పేది. మెతుకు ఇరుక్కుంటే కొలతను చూపే గీత పైకి లేచి గంటల తరబడి అక్కడే ఉండిపోయేది. పసరు అలా ఉండదు, వస్తుంది, పోతుంది. కదలని గీతను నేను నమ్మను. ఆమ్లం గాఢంగా ఉండి పీహెచ్ 3.5 కన్నా తగ్గితే ఉన్న పసరు కూడా తక్కువగా కనిపించేది. అందుకే పక్కనే పీహెచ్ గొట్టం కూడా వేయాల్సి వచ్చేది.

అసలు చిక్కు తిండితో. రంగున్న తిండి కూడా ఆ కాంతిని పీల్చుకుని పసరులా కనిపించవచ్చు. కాఫీ, టమాటా, క్యారెట్ ఏవీ కుదిరేవి కావు. మన వంటింట్లో పసుపు పడని కూర ఏది? పప్పు, పులిహోర, ఆవకాయ అన్నీ పరీక్ష సాగే 24 గంటలూ బంద్. ఇడ్లీ, పాలు, తాలింపు పెట్టని పెరుగన్నంతో సరిపెట్టుకోవాల్సి వచ్చేది. నన్ను ఎప్పుడూ కలవరపెట్టేది ఇదే: ఏ తిండి తిన్నాక మంట లేస్తోందని మనిషి మొరపెట్టుకుంటాడో, సరిగ్గా ఆ తిండినే పరీక్ష రోజున మాన్పించేవాళ్లం. అలాంటప్పుడు గీత మామూలుగా వచ్చినంత మాత్రాన “మీకేం లేదు” అని చెప్పి పంపడం న్యాయం కాదు.

తిన్నదీ తాగిందీ రాసుకునే చీటీ చేతికిచ్చేటప్పుడు రోగులకు నేను గట్టిగా చెప్పిన మాట ఒకటే. “ఏం తిన్నా, తాగినా టైము వేసి రాయండమ్మా. ఆకలికి ఆగలేక పప్పన్నం ఒక్క ముద్ద తిన్నా సరే, దాచకండి. ఆ కాసేపటి లెక్క తీసేసి, మిగతాది చూస్తాం.”