కేంద్ర నిధుల పంపకము – పుదుచ్చేరి, యానాముల ఆర్థిక స్థితి

ఒక ప్రాంతమునకు శాసనసభను, పన్ను విధించు హక్కును, వ్యయము చేయు హక్కును కొంతవరకు ఇచ్చి, లోటు పూడ్చు అధికారమును మాత్రము కేంద్రము తనయొద్దనే ఉంచుకొన్నచో ఆ ప్రాంతపు ఆర్థిక జీవనము ఎట్లుండునో తెలిసికొనుటకు పుదుచ్చేరి మంచి ఉదాహరణము. అందలి యానాము తెలుగు సీమ యగుటచే ఈ విషయము తెలుగువారు ప్రత్యేకముగా విచారింపదగినది.

1954 నవంబరు 1న ఫ్రెంచి వలసలు భారత పాలనలోనికి వచ్చినవి. 1962 ఆగస్టు 16న ఆ బదిలీ చట్టసమ్మతమైనది. 1963నాటి కేంద్రపాలిత ప్రాంతముల ప్రభుత్వ చట్టముచే శాసనసభ ఏర్పడినది. కాని వార్షిక ఆయవ్యయ పట్టికను సభ ముందుంచుటకు రాష్ట్రపతి అనుమతిని ముందుగా పొందవలెనని ఆ చట్టమే విధించినది. అనుమతి ఆలస్యమైనచో తాత్కాలిక పద్దులతో నెలలు గడుపవలసివచ్చును. 2022లో పూర్తి బడ్జెటు ఆగస్టులో గాని సభకు రాలేదు. అది గోదావరికి వరదలు వచ్చు మాసము. కట్టడపు పనులకు అనువైన వేసవి అప్పటికే గడచిపోవును.

రాజ్యాంగపు 280వ అధికరణము క్రింద ఏర్పడు ఆర్థిక సంఘము కేంద్రపు పన్నులలో రాష్ట్రముల వాటాను నిర్ణయించును. పుదుచ్చేరి రాష్ట్రము కాదు గనుక ఆ పంపకములో దానికి చోటు లేదు. 2017 జూలై 1న అమలులోనికి వచ్చిన వస్తుసేవా పన్ను విషయములో మాత్రము శాసనసభ గల కేంద్రపాలిత ప్రాంతమును రాష్ట్రముగనే లెక్కించిరి. పన్ను హక్కును వదలుకొనునపుడు రాష్ట్రము. పంపకపు వేళ కాదు! ఈ భేదము మాటలకు పరిమితము కాదని జమ్ము కాశ్మీరము నిరూపించినది. 2019 అక్టోబరు 31న అది కేంద్రపాలిత ప్రాంతము కాగా, 15వ ఆర్థిక సంఘము రాష్ట్రముల వాటాను నూటికి 42 నుండి 41కి తగ్గించినది. హోదా మారినంతనే, హక్కుగా వచ్చు సొమ్ము కేంద్రపు విచక్షణకు లోబడినది.

పుదుచ్చేరి 2022–23 బడ్జెటు సుమారు 10,697 కోట్ల రూపాయలు. అందు స్వంత ఆదాయము 6,557 కోట్లు, కేంద్రపు గ్రాంటు 1,730 కోట్లు, ఋణము 1,890 కోట్లు; మిగిలినది ముఖ్యముగా కేంద్ర పథకముల సొమ్ము. గ్రాంటుకంటె అప్పు ఎక్కువగుట గమనింపదగినది. 2007 డిసెంబరులో పుదుచ్చేరికి ప్రత్యేక ఖాతా ఏర్పడినది మొదలు లోటునకు బజారు అప్పే ఆధారమైనది. జీతములు, పింఛనులు, వడ్డీలు తప్పనివి. వాయిదా వేయదగినవి రోడ్లు, వంతెనలు, కాలువలు. కావున గ్రాంటు ఎదుగనపుడు దెబ్బ తగులునది రేపటి సంపదకే.

ఆర్థిక సంఘపు పరిధిలో చేర్చిన చాలునని పుదుచ్చేరి నాయకులు పలుమారు కోరియున్నారు. ఈ వాదము సగమే నిజము. 15వ ఆర్థిక సంఘపు సూత్రములో నూటికి 45 పాళ్లు ఆదాయపు వెనుకబాటునకు, 15 పాళ్లు జనసంఖ్యకు, 15 పాళ్లు వైశాల్యమునకు కేటాయింపబడినవి. చిన్న వైశాల్యము, స్వల్ప జనాభా, దేశపు సగటును మించిన తలసరి ఆదాయము గల ప్రాంతమునకు ఈ కొలమానము పెద్ద మొత్తమును తెచ్చిపెట్టునని చెప్పజాలము. అసలు లాభము నిశ్చయతలో కలదు. రాబోవు ఐదేండ్ల వాటా ఏ లెక్కన వచ్చునో ముందే తెలిసినచో పనులను వరుసగా తలపెట్టవచ్చును.

ఇదే ప్రశ్నను పుదుచ్చేరినికూడ అడుగవలసియున్నది. యానాము రాజధానికి వందలాది కిలోమీటర్ల దూరమున, గౌతమీ తీరమున, ఆంధ్రభూమి నడుమ నున్నది. 2011 లెక్కలలో జనాభా 55,626. ఎన్నికైన 30 శాసనసభా స్థానములలో దానిది ఒక్కటే. 2006లో ఎన్నికైన పురపాలక సభ గడువు 2011లో తీరిన పిమ్మట పదేండ్లు దాటినను మరల ఎన్నికలు జరుగలేదు. ఊరిలోని పెద్ద పింగాణీ కర్మాగారము 2012 జనవరి అల్లర్లతో మూతపడినది. ఫ్రెంచివారి కాలమున శారదా చట్టము అచ్చట వర్తింపనందున బాల్యవివాహములకై జనులు యానాము చేరెడివారు. తరువాతి కాలమున మద్యము, పెట్రోలు ధరల తేడా వర్తకమునకు ఊతమైనది. పొరుగు ప్రభుత్వము పన్ను మార్చినచో మారిపోవు వర్తకమిది. దీనిపై ఊరి భవిష్యత్తును నిలుపలేము. ప్రభుత్వ పెట్టుబడియే నిలుపవలెను. ఆ పెట్టుబడి ఢిల్లీ దయతో పుదుచ్చేరికి, పుదుచ్చేరి దయతో యానామునకు చేరవలసియుండుట ఈ ఏర్పాటులోని ప్రధాన లోపము.

కనుక సంస్కరణ రెండు మెట్లలో జరుగవలెను. శాసనసభ గల కేంద్రపాలిత ప్రాంతములకు ఐదేండ్ల సహాయమును స్వతంత్ర సంఘము నిర్ణయించుట మొదటిది. యానాము, కారైకాలు, మాహేలకు జనసంఖ్య, దూరము, అవసరములనుబట్టి వాటాను చట్టములో చేర్చి, పురపాలక ఎన్నికలను క్రమముగా జరుపుట రెండవది. మొదటిది ఢిల్లీ చేయవలసిన పని. రెండవదానిని పుదుచ్చేరి శాసనసభ తానే మొదలిడినచో, ఢిల్లీని అడుగునపుడు దాని మాటకు బలము చేకూరును.